బీఈడీలో చేరబోతున్నారా? కాలేజీ వాళ్లు మీకు చూపించి తీరాల్సిన వివరాలు, వాటిని సరిచూసే పద్ధతి

బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, మా ఇంట్లో ఫోన్ ఆగదు. పొదిలి నుంచి ఒకమ్మాయి, కావలి నుంచి ఒకబ్బాయి, కనిగిరి నుంచి మా బంధువుల పిల్ల, అందరూ అడిగేది ఒక్కటే. “మేడమ్, ఫలానా కాలేజీ మంచిదేనా? చేరొచ్చా?” నేను హైస్కూల్లో లెక్కలు చెప్పుకునే మనిషిని. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని ప్రతి బీఈడీ కాలేజీ సంగతీ నాకెలా తెలుస్తుంది? కానీ ఆ కాలేజీ ఎలాంటిదో ఆ కాలేజీ చేతే చెప్పించే దారి ఒకటుంది. అడ్మిషన్ కోసం వచ్చేవాళ్లకు వాళ్లు బయటపెట్టి తీరాల్సిన వివరాలు నిబంధనల్లోనే రాసి ఉన్నాయి. అవి అడగొచ్చని మన పిల్లలకు ఎవరూ చెప్పరు. బిల్డింగ్ చూస్తారు, బస్సు ఉందా అంటారు, ఫీజు ఎంత తగ్గిస్తారని బేరమాడతారు. “మాకు పాఠం ఎవరు చెబుతారు? వాళ్ల పేర్లు చూపించండి” అని అడిగినవాళ్లు మాత్రం నాకు చాలా అరుదుగా కనిపించారు.

అందుకే వరసగా రాస్తున్నాను. ఇది ముఖ్యంగా బీఈడీ వాళ్ల కోసం. డీఈఎల్‌ఈడీలో, అంటే మనం ఇంకా టీటీసీ అని పిలుచుకునే కోర్సులో చేరేవాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

రూల్స్ గురించి రెండే ముక్కలు. టీచర్ ట్రైనింగ్ కాలేజీలకు గుర్తింపు ఇచ్చేది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ. 1993 చట్టం కింద ఏర్పడింది. ఆ మండలి 2014లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీ వెబ్‌సైట్ నడపాలి, అందులో ఏమేం పెట్టాలో కూడా ఆ నిబంధనలే చెప్పాయి. తప్పుడు వివరాలు పెట్టినా, సగం సగం పెట్టినా గుర్తింపు రద్దు చేసే అధికారం మండలికి ఉంది. కాబట్టి మీరు అడిగేది ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎడ్‌సెట్ ర్యాంకు కార్డు, డిగ్రీ మార్కుల జాబితాల జిరాక్సులు. ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి, ఎందుకో తర్వాత చెబుతాను.
- ఇంటర్నెట్ ఉన్న ఫోన్. కంప్యూటర్ దొరికితే ఇంకా మంచిది, ఫొటోలు పెద్దవిగా కనబడతాయి.
- ఒక నోట్‌బుక్. ప్రతి కాలేజీకి ఒక పేజీ.
- పని దినాన ఒక పూట ఖాళీ. ఆదివారం వెళితే మీకు వాచ్‌మన్ తప్ప ఎవరూ కనిపించరు.
- మీతో రావడానికి ఇంకో మనిషి. అన్నయ్యో, స్నేహితురాలో, ఎవరైనా సరే. ఇద్దరు వింటే మాట మారదు.

1. ముందు కోర్సు సరైనదేనా చూసుకోండి

ఇది చిన్న మెట్టే, కానీ ఇక్కడే తప్పటడుగు వేస్తున్నారు. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పే ఎస్‌జీటీ పోస్టుకు బీఈడీ పనికిరాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చి చెప్పింది. ఎస్‌జీటీ కావాలంటే డీఈఎల్‌ఈడీ, హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ కావాలంటే బీఈడీ. “మా దగ్గర బీఈడీ చేస్తే రెండింటికీ రాయొచ్చు” అని ఎవరైనా అంటే, ఆ మాట అన్న కాలేజీ మిగతా మాటలనూ అనుమానంగానే చూడండి.

“ఒక్క ఏడాదిలో బీఈడీ” అనే పాంప్లెట్లు కూడా తిరుగుతున్నాయి. ఏడాది కోర్సు గురించి 2025లో ముసాయిదా నిబంధనలు వచ్చిన మాట నిజమే. ముసాయిదా వేరు, మీ కాలేజీకి ఆ కోర్సు నడపమని ఇచ్చిన ఉత్తర్వు వేరు. ఆ ఉత్తర్వు చూపిస్తేనే నమ్మండి.

2. గుర్తింపు ఉత్తర్వు అడిగి చదవండి

“ఎన్‌సీటీఈ గుర్తింపు ఉంది” అని బోర్డు మీద అందరూ రాసుకుంటారు. మీకు కావాల్సింది బోర్డు కాదు, కాగితం. రికగ్నిషన్ ఆర్డర్ అని అడగండి. బీఈడీ రెండేళ్ల కోర్సు అయినప్పుడు, 2015లో, పాత కాలేజీలన్నిటికీ సవరించిన ఉత్తర్వులు ఇచ్చారు. అంతకుముందు నుంచి ఉన్న కాలేజీ అయితే ఆ సవరించిన ఉత్తర్వే చూపించాలి.

అందులో నాలుగు సంగతులు చూడండి:

- కాలేజీ పేరు అక్షరం పొల్లు పోకుండా అదేనా? ఒకే సొసైటీకి రెండు మూడు కాలేజీలు ఉంటే, ఒకదాని ఉత్తర్వు చూపించి ఇంకోదానిలో చేర్చుకుంటారు.
- అడ్రసు మీరు నిలబడ్డ చోటేనా? ఉత్తర్వులో ఒక ఊరు, క్లాసులు ఇంకో ఊళ్లో జరుగుతుంటే, స్థలం మార్పుకు అనుమతి ఉందా అని అడగండి.
- కోర్సు పేరు ఏమిటి? డీఈఎల్‌ఈడీకి ఇచ్చిన గుర్తింపు బీఈడీకి చెల్లదు.
- సీట్లు ఎన్ని? ఒక యూనిట్ అంటే 50 మంది. ఉత్తర్వులో ఒక యూనిట్ ఉండి, సంవత్సరానికి 100 మందిని చేర్చుకుంటుంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

హెచ్చరిక: “అప్లై చేశాం, వచ్చేస్తుంది”, “లెటర్ ఆఫ్ ఇంటెంట్ వచ్చింది” అంటే గుర్తింపు వచ్చినట్టు కాదు. గుర్తింపు లేకుండానో, గుర్తింపు రద్దయ్యాకనో చదివిన కోర్సు ప్రభుత్వ ఉద్యోగానికి చెల్లదని చట్టంలోనే ఉంది. రెండేళ్లు చదివి డీఎస్సీ సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో ఆ సంగతి బయటపడితే ఎవరికి చెప్పుకుంటారు?

కాగితం చూశాక ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లో దక్షిణ ప్రాంతీయ కమిటీ జాబితా తెరిచి, ఆంధ్రప్రదేశ్ కింద ఆ పేరు ఉందో లేదో చూడండి. రద్దయిన కాలేజీల ఉత్తర్వులు, మీటింగ్ నిర్ణయాలు కూడా అక్కడే పెడతారు. కాలేజీలు ఏటా పనితీరు నివేదిక పంపాలి. పంపని కాలేజీలకు మండలి నోటీసులు ఇచ్చింది, చర్యలూ తీసుకుంది. కాబట్టి “నిరుడు ఉంది కదా” అన్న ధీమా పనికిరాదు. ఈ ఏడాది ఉందా అన్నదే ప్రశ్న.

3. యూనివర్సిటీ అనుబంధం

నెల్లూరు వైపు కాలేజీ అయితే కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ, ఒంగోలు వైపు అయితే ఆంధ్రకేసరి యూనివర్సిటీ. ఏ కాలేజీకి ఏ యూనివర్సిటీ సర్టిఫికెట్ ఇస్తుందో అడిగి, ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో అనుబంధ కాలేజీల జాబితా చూడండి. అనుబంధం కాగితం మీద విద్యా సంవత్సరం రాసి ఉంటుంది. అది మీరు చేరే సంవత్సరమేనా చూసుకోండి. ఎడ్‌సెట్ కౌన్సెలింగ్ కాలేజీల జాబితాలో పేరు లేకపోతే ఎందుకు లేదో వాళ్ల చేతే చెప్పించండి.

డీఈఎల్‌ఈడీకి ఇక్కడ యూనివర్సిటీ బదులు పాఠశాల విద్యాశాఖ అనుమతి చూడాలి. సందేహం ఉంటే డైట్‌కు, అంటే జిల్లాలోని ప్రభుత్వ టీచర్ ట్రైనింగ్ సంస్థకు, వెళ్లి అడగడం తేలిక. నెల్లూరు వాళ్లకు పల్లిపాడు, ప్రకాశం వాళ్లకు మైనంపాడు.

4. వెబ్‌సైట్ తెరిచి ఈ వివరాలు ఉన్నాయో లేదో టిక్కు పెట్టండి

నిబంధనల ప్రకారం కాలేజీ వెబ్‌సైట్‌లో ఉండాల్సినవి ఇవి. నోట్‌బుక్‌లో రాసుకుని ఒక్కొక్కటే చూడండి.

- అనుమతి ఉన్న కోర్సులు, ఏడాదికి ఎన్ని సీట్లు
- బోధన, బోధనేతర సిబ్బంది పూర్తి పేర్లు, చదువులు, జీతం స్కేలు, ఫొటోలు
- గడిచిన మూడు నెలల్లో కొత్తగా చేరిన, మానేసిన లెక్చరర్ల పేర్లు
- ఈ ఏడాది చేర్చుకున్న విద్యార్థుల పేర్లు, వాళ్ల అర్హత, మార్కుల శాతం, చేరిన తేదీ
- విద్యార్థుల దగ్గర తీసుకుంటున్న ఫీజు
- ఉన్న గదులు, ల్యాబులు, ఇతర వసతులు. గడిచిన మూడు నెలల్లో కొత్తగా కల్పించినవి
- లైబ్రరీలో పుస్తకాలు ఎన్ని, ఏ జర్నల్స్ తెప్పిస్తున్నారు, కొత్తగా ఏం చేర్చారు

ఈ జాబితా చూపిస్తే చాలామంది పిల్లలు ఆశ్చర్యపోతారు. “జీతాలు కూడా పెట్టాలా మేడమ్?” అంటారు. పెట్టాలి. జీతం సరిగ్గా ఇవ్వని చోట మంచి లెక్చరర్ ఎన్నాళ్లుంటాడు? ఆ వివరం పెట్టమన్నది మీకోసమే.

పేజీ ఉంటే సరిపోదు, తేదీ కూడా చూడండి. “ప్రస్తుత విద్యార్థులు” అన్న చోట నాలుగేళ్ల కిందటి బ్యాచ్ పేర్లుంటే అది ప్రస్తుత సమాచారం కాదు. చూసిన ప్రతి పేజీనీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు మార్చేసినా మీ దగ్గర రుజువు ఉంటుంది.

వెబ్‌సైట్ లేదన్నా, తెరుచుకోకపోయినా ప్రాస్పెక్టస్ అడగండి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2023లో తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం, అడ్మిషన్లు మొదలయ్యే తేదీకి కనీసం 60 రోజుల ముందే ప్రాస్పెక్టస్ బయటపెట్టాలి. సీట్లు, అర్హత, ఎంపిక పద్ధతి, ఫీజు పద్దులవారీగా, తిరిగి ఇచ్చే రూల్స్, అధ్యాపకుల వివరాలు అన్నీ అందులో ఉండాలి.

5. లెక్చరర్ల జాబితా మీద ఎక్కువ సేపు కూర్చోండి

మిగతావన్నీ తొందరలో చూసినా సరే, ఇది మాత్రం తీరిగ్గా చూడండి. నా దృష్టిలో కాలేజీ అంటే ఈ జాబితాయే.

ఏడాదికి రెండు యూనిట్లు, అంటే రెండేళ్లకూ కలిపి 200 మంది ఉన్న బీఈడీ కాలేజీకి ప్రిన్సిపాల్‌తో కలిపి 16 మంది పూర్తికాలపు అధ్యాపకులు ఉండాలి. ఒక్క యూనిటే అయితే 8 మంది. ప్రిన్సిపాల్‌కు పీజీ, ఎంఈడీ, పీహెచ్‌డీ, దానికి తోడు ఎనిమిదేళ్ల బోధనానుభవం కావాలి. లెక్కపెట్టండి. పేర్లు 16 ఉన్నాయా? ఉంటే, వాళ్లు నిజంగా ఉన్నారా?

నిజంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి నేను చెప్పే పద్ధతులు ఇవి.

ఒకటి: చుట్టుపక్కల రెండు మూడు కాలేజీల సిబ్బంది పేజీలు పక్కపక్కన తెరవండి. ఫొటోలు చూడండి. ఒకే మనిషి రెండు కాలేజీల్లో కనిపిస్తే, కనీసం ఒకచోట పేరుకే ఉన్నట్టు. ఫోన్ తెరమీద ఇది పట్టుకోలేరు, కంప్యూటర్ ఎందుకన్నానంటే ఇందుకే.

రెండు: యూనివర్సిటీ ఆమోదించిన స్టాఫ్ లిస్టు చూపించమనండి. స్టాఫ్ ర్యాటిఫికేషన్ అంటే ఆఫీసులో వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఆ లిస్టులో పేర్లూ, వెబ్‌సైట్‌లో పేర్లూ ఒకటిగా ఉండాలి.

మూడు: కాలేజీకి వెళ్లినప్పుడు నోటీసు బోర్డు మీద టైమ్‌టేబుల్ ఫొటో తీసుకోండి. అందులో లెక్చరర్ల పొడి అక్షరాలు ఉంటాయి. ఆ పొడి అక్షరాలను జాబితాలోని పేర్లతో జత చేయండి. 16 పేర్లున్న జాబితాకు టైమ్‌టేబుల్‌లో నలుగురి పొడి అక్షరాలే తిరుగుతుంటే మీకు సంగతి తెలిసిపోయింది.

నాలుగోది అన్నిటికన్నా తేలిక. కాలేజీ గేటు బయట టీ కొట్టు దగ్గర సెకండియర్ పిల్లలు దొరుకుతారు. “అన్నా, ఫిలాసఫీ ఎవరు చెబుతారు? మ్యాథ్స్ మెథడాలజీ ఎవరు?” అని అడగండి. మెథడాలజీ అంటే ఒక సబ్జెక్టును పిల్లలకు ఎలా చెప్పాలో నేర్పే పేపర్. మంచి కాలేజీ పిల్లలు సార్ పేరు చెప్పి, ఆయన ఎలా చెబుతారో కూడా చెబుతారు. ఏడాది చదివినవాళ్లు ముగ్గురు లెక్చరర్ల పేర్లు చెప్పలేకపోతే ఇంకేం అడగక్కర్లేదు.

6. పని దినాన, పదకొండు గంటల వేళ వెళ్లండి

ఏడాదికి కనీసం 200 పని దినాలు జరగాలి. అడ్మిషన్లు, పరీక్షల రోజులు అందులో లెక్కకు రావు. మామూలు హాజరు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాలి. కాబట్టి పని దినాన పదకొండు గంటలకు క్లాసులు జరుగుతూ ఉండాలి. నిండా అక్కర్లేదు, కొంతమందైనా కూర్చుని ఉండాలి కదా!

“మీరు రోజూ రానక్కర్లేదమ్మా, పరీక్షలకు వస్తే చాలు, హాజరు మేం చూసుకుంటాం.” ఈ మాట వినడానికి హాయిగా ఉంటుంది. ముఖ్యంగా ప్రైవేటు స్కూల్లో పనిచేసుకుంటూ చదవాలనుకునేవాళ్లకు. కానీ రెగ్యులర్ బీఈడీలో అలాంటి వెసులుబాటు లేదు. రాకుండా చదివే పద్ధతి కావాలంటే దూరవిద్య బీఈడీ ఉంది, అదీ ఇప్పటికే ట్రైనింగ్ అయి ఎలిమెంటరీ స్కూల్లో పనిచేస్తున్న టీచర్ల కోసం, లేదా ఎన్‌సీటీఈ గుర్తింపు ఉన్న టీచర్ ట్రైనింగ్ కోర్సు రెగ్యులర్‌గా పూర్తిచేసినవాళ్ల కోసం. మిగతావాళ్లకు దొంగ హాజరు మీద వచ్చిన సర్టిఫికెట్ జీవితాంతం మెడ మీద కత్తి.

లైబ్రరీకి వెళ్లండి. 1000 రకాల పుస్తకాలు, మొత్తం 3000 ప్రతులు, కనీసం ఐదు జర్నల్స్ ఉండాలి. లెక్కపెట్టడం మీ వల్ల కాదు. రెండు పుస్తకాలు తీసి చివరి పేజీలో ఇష్యూ స్లిప్ చూడండి. చివరి తేదీ ఎప్పటిది? స్లిప్పే లేకపోతే, ఆ పుస్తకం ఎవరి చేతికీ వెళ్లలేదన్నమాట. సైన్స్ ల్యాబ్ తలుపుకు తాళం ఉంటే తీయించండి. బీకర్ల మీద దుమ్ము ఏం చెబుతుందో మీ కళ్లే చూస్తాయి.

ఇక ఇంటర్న్‌షిప్. రెండేళ్లలో 20 వారాలు: మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. ఏ స్కూళ్లకు పంపుతారు, ఎవరు వచ్చి చూస్తారు అన్నది రాతపూర్వకంగా అడగండి. ఇది ఎందుకు ఇంత పట్టుబట్టి చెబుతున్నానంటే, మా స్కూల్లో జరిగిన సంగతి ఒకటి ఉంది. ఒకరోజు మధ్యాహ్న భోజనం గంట కొట్టాక ఒకబ్బాయి బండి మీద వచ్చాడు. సంచిలోంచి పదకొండు మంది రికార్డులు తీసి టేబుల్ మీద పేర్చాడు. పదహారు వారాల హాజరు పట్టిక, అన్ని గళ్లూ ఖాళీ, కింద హెచ్‌ఎం సంతకం పెట్టే చోటు. “మేడమ్, ఒక్క సంతకం పెట్టిస్తే చాలు, మిగతాది మేం నింపుకుంటాం” అన్నాడు. నేను రికార్డులు తిరగేశాను. ఏడో తరగతి భిన్నాల పాఠం, పదకొండింటిలోనూ ఒకే చేతిరాత. నాలుగు ముక్కలుగా కోసిన జామకాయ బొమ్మ, పదకొండు సార్లు, అదే పచ్చ స్కెచ్‌తో. మా హెచ్‌ఎం గారు సంతకం పెట్టకుండా పంపించేశారు. కానీ ఆ పిల్లల్లో ఒక్కరైనా మా ఏడో తరగతి గదిలో నిలబడి ఉంటే, భిన్నం అంటే బిక్కమొహం వేసే పిల్లవాడిని ఎదురుగా చూసి ఉండేవారు. వాళ్లకు దక్కాల్సిన చదువే అది. దానికే ఫీజు కట్టారు.

7. మీ మెథడాలజీ ఆ కాలేజీలో ఉందా?

స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీ సబ్జెక్టూ, బీఈడీ మెథడాలజీ కలవాలి. బీఎస్సీ మ్యాథ్స్ చదివి, కాలేజీలో మ్యాథ్స్ లెక్చరర్ లేడని సోషల్ మెథడాలజీ తీసుకోమంటే ఒప్పుకోవద్దు. ఫీజు కట్టకముందే “నాకు ఫలానా మెథడాలజీలు ఇస్తారు” అని అడ్మిషన్ ఫారం మీద రాయించుకోండి. ఆ సబ్జెక్టు లెక్చరర్ పేరు ఐదో మెట్టులో చూసిన జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోండి.

8. ఫీజు: నోటిమాట వద్దు

ప్రైవేటు కాలేజీలో బీఈడీ ఫీజు ఎంతో నిర్ణయించేది రాష్ట్ర ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫారసు మీద ప్రభుత్వం. కాలేజీవారీగా ఉత్తర్వు ఉంటుంది. దాన్ని చూపించమనండి. అందులో ఉన్న అంకె కాక ఇంకేమేం తీసుకుంటారో విడివిడిగా రాసి ఇవ్వమనండి: రికార్డులకు, ఇంటర్న్‌షిప్‌కు, ప్రాక్టికల్స్‌కు, “యూనివర్సిటీ ఖర్చులకు”. చివరిదాని కింద అడిగే డబ్బుకు రసీదు అడగండి. రసీదు ఇవ్వలేనిది మీరు కట్టాల్సింది కాదు.

కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటా, కాలేజీ సొంతంగా ఇచ్చే మేనేజ్‌మెంట్ కోటా సీటా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. “చేరండి, రీయింబర్స్‌మెంట్ మేం తెప్పిస్తాం” అని చేర్చుకుని, రెండో ఏడాది మొత్తం కట్టమన్నప్పుడు ఏడ్చిన పిల్లలను చూశాను.

మానేస్తే డబ్బు వెనక్కి ఎంత? యూజీసీ 2018 నోటిఫికేషన్ లెక్క ఇది. అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజులు, అంతకన్నా ముందు మానుకుంటే మొత్తం ఫీజు, ప్రాసెసింగ్ కింద 5 శాతం లోపు, గరిష్ఠంగా 5000 రూపాయలు తగ్గించి. ఆఖరి తేదీకి ముందు 15 రోజుల లోపైతే 90 శాతం. తేదీ దాటి 15 రోజుల లోపైతే 80. పదహారో రోజు నుంచి ముప్ఫయ్యో రోజు దాకా 50. ఆ తర్వాత ఏమీ రాదు. కొన్ని సంవత్సరాల్లో యూజీసీ ఇంకా మెరుగైన తేదీలు ప్రకటించింది, మీ ఏడాదికి ఏముందో చూసుకోండి. కన్వీనర్ సీటు వదులుకోవడానికి కౌన్సెలింగ్ రూల్స్ వేరే ఉంటాయి.

9. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికివ్వకండి

ఇది మా ఇంట్లోనే జరిగింది. మా మేనకోడలు కన్వీనర్ కౌన్సెలింగ్ ఇంకా మొదలవకముందే, సీటు పోతుందేమోనన్న టెన్షన్‌తో ఒక కాలేజీలో పదివేలు అడ్వాన్స్ కట్టింది. “వెరిఫికేషన్‌కు” అంటే పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్ అన్నీ ఇచ్చేసింది. రసీదు అంటే తెల్ల కాగితం ముక్క మీద “10,000 ముట్టినది” అని, కింద ఒక గీత. కాలేజీ పేరు లేదు, ముద్ర లేదు. తర్వాత ఆమెకు ఇంటికి దగ్గర్లోనే కన్వీనర్ సీటు వచ్చింది. సర్టిఫికెట్లు అడిగితే “రెండేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లండి” అన్నారు. మా అన్నయ్య రోజూ బస్సెక్కి వెళ్లడం, ప్రిన్సిపాల్ గారు మీటింగ్‌లో ఉన్నారని చెప్పడం. అలా రిపోర్టింగ్ తేదీ దాటిపోయింది. ఆ ఏడాది సీటు పోయింది.

అప్పుడు మాకు తెలియని రూల్ ఇప్పుడు మీకు చెబుతున్నాను. యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్స్ మీ ఎదుటే చూసి, వెంటనే తిరిగి ఇచ్చేయాలి. కాలేజీ దగ్గర ఉంచుకోవాల్సింది జిరాక్సులే. టీసీ మామూలుగా కాలేజీలోనే ఉంటుంది, దానికైనా ముద్రతో రసీదు తీసుకోండి. డబ్బు ఎప్పుడు కట్టినా కాలేజీ పేరున్న అకౌంట్‌కే కట్టండి. వ్యక్తి ఫోన్‌పే నంబరుకు వద్దు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ఏజెంటు మాటతో కాలేజీ ముఖం చూడకుండా చేరడం. ఏజెంటుకు సీటుకింత అని కమీషన్ ముడుతుంది, మీ చదువుతో అతనికి పనిలేదు.

ఫోన్లో అడిగి ఊరుకోవడం. “అన్నీ ఉన్నాయమ్మా” అన్న మాటకు రేపు సాక్ష్యం ఉండదు. అడిగింది కాగితం మీదో, మెయిల్‌లోనో అడగండి.

సీనియర్ల మాటను పూర్తిగా నమ్మడం, లేదా పూర్తిగా కొట్టేయడం. “హాయిగా ఉంటుంది, రానక్కర్లేదు” అని సీనియర్ మెచ్చుకున్నాడంటే అదే మీకు హెచ్చరిక.

పక్క రాష్ట్రం కాలేజీ అయితే వివరాలు చూడనక్కర్లేదనుకోవడం. గుర్తింపు ఉత్తర్వు, హాజరు నియమం దేశమంతటా ఒకటే.

సరిపోయిందో లేదో ఇలా తేల్చుకోండి

నోట్‌బుక్‌లో ఆ కాలేజీ పేజీ తీయండి. గుర్తింపు ఉత్తర్వు, యూనివర్సిటీ అనుబంధం కాగితం, వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్ పక్కపక్కన పెట్టండి. మూడింటిలో కాలేజీ పేరు, అడ్రసు, సీట్ల సంఖ్య ఒకటే ఉండాలి. తర్వాత వెబ్‌సైట్‌లోని లెక్చరర్ల పేర్లు, యూనివర్సిటీ లిస్టు, టైమ్‌టేబుల్ ఈ మూడూ పోల్చండి. ఒకరిద్దరు తేడా ఉంటే ఈ మధ్యే మారి ఉండొచ్చు, అడగండి. సగానికి పైగా తేడా ఉంటే ఆ కాలేజీ పేజీ మీద అడ్డగీత గీసేయండి. భవనం ఎంత బాగున్నా సరే.

వివరాలు ఇవ్వకపోతే

మొదట ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇవ్వండి, ఒక ప్రతి మీద తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. వారం చూసి యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, ఎన్‌సీటీఈ దక్షిణ ప్రాంతీయ కమిటీకి ఆ ప్రతి జతచేసి ఫిర్యాదు పంపండి. యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదులు వినే అంబుడ్స్‌పర్సన్ కూడా ఉండాలి.

సమాచార హక్కు దరఖాస్తు ఇంకో దారి. ప్రైవేటు కాలేజీని కాకుండా యూనివర్సిటీని అడగండి: ఫలానా కాలేజీకి ఈ ఏడాది అనుబంధం ఇచ్చిన ఉత్తర్వు, ఆమోదించిన స్టాఫ్ లిస్టు నకళ్లు కావాలని. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. కౌన్సెలింగ్‌కు అంత సమయం ఉండదు కాబట్టి, ఎడ్‌సెట్‌కు అప్లై చేసిన వారంలోనే ఈ దరఖాస్తు వేసేయడం తెలివైన పని.

ఉత్తరం ఎలా రాయాలో తెలియక ఆగిపోయేవాళ్లు చాలామంది. ఇలా రాస్తే చాలు:

“గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

నేను ఈ విద్యా సంవత్సరం మీ కాలేజీలో బీఈడీలో చేరాలనుకుంటున్నాను. చేరేముందు ఈ కింది వివరాలు, నకళ్లు ఇప్పించగలరు. 1. ఎన్‌సీటీఈ గుర్తింపు ఉత్తర్వు. 2. ఈ ఏడాది యూనివర్సిటీ అనుబంధం ఉత్తర్వు. 3. యూనివర్సిటీ ఆమోదించిన అధ్యాపకుల జాబితా. 4. ఫీజు ఉత్తర్వు, ఇతర వసూళ్ల వివరాలు, ఫీజు తిరిగి ఇచ్చే నియమాలు. 5. నాకు ఇవ్వగల మెథడాలజీలు. 6. ఇంటర్న్‌షిప్‌కు పంపే స్కూళ్ల పేర్లు. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం మీ వెబ్‌సైట్‌లో ఉండాల్సిన వివరాల్లో ఇంకా పెట్టనివి ఉంటే, ఎప్పటిలోగా పెడతారో కూడా తెలియజేయగలరు.

ఇట్లు,
పేరు, ఎడ్‌సెట్ హాల్ టికెట్ నంబరు, అడ్రసు, తేదీ”